మడ అడవిలోకి సైకిల్ దారి

ఆ సంగతి మా వదిన ముందే నోటితో చెప్పి ఉంటే మా ఇంట్లో గొడవ ఏడాది ముందే జరిగిపోయేది. చెప్పలేదు. నన్ను సైకిల్ మీద తీసుకెళ్ళి చూపించింది. అందుకు ఆమె మీద నాకు ఇప్పటికీ కొంత కోపమే. మిగతా కోపం ఎవరి మీదో చెబుతాను.

వదిన అంటే మా అన్నయ్య భార్య, నేను ఆమె ఆడపడుచుని. వాళ్ళు కొత్తపేటలో ఉంటారు. అన్నయ్య హెడ్మాస్టరుగా, వదిన ఏఎన్ఎమ్‌గా చేసి రిటైరయ్యారు. ఉద్యోగంలో ఎక్కువ కాలం ఆమె కాట్రేనికోన అవతల, సముద్రానికి దగ్గరి ఊళ్ళలో టీకాల పెట్టె సైకిల్‌కి కట్టుకుని తిరిగింది. నేను అమలాపురంలో హైస్కూల్లో బయాలజీ చెబుతాను. యాభై దాటాక డాక్టరు నడవమన్నాడు. నడక విసుగని సైకిల్ కొనుక్కున్నాను. "స్కూటీ పాడైందాండీ టీచరుగారూ?" అని వీధిలో నవ్వుతూ అడిగేవారు. వదిన నవ్వలేదు. తన పాత సైకిల్‌కి కొత్త టైర్లు వేయించుకుని, "ఎక్కడికెళ్దాం?" అంది. అప్పట్నుంచి సెలవు దొరికితే చాలు, ఇద్దరం రోడ్డెక్కేవాళ్ళం. మలికిపురం మీదుగా అంతర్వేది దాకా వెళ్ళాం. పంటు మీద సైకిళ్ళెక్కించి గోదావరి పాయలు దాటాం.

పోయిన ఫిబ్రవరిలో రెండో శనివారం బయల్దేరిన ప్రయాణానికి దారి ఎంచింది వదినే. ముందు రోజు సాయంత్రానికే కొత్తపేట నుంచి తొక్కుకుంటూ మా ఇంటికి వచ్చేసింది. తెల్లారగానే ఉప్పలగుప్తం మీదుగా సముద్రానికి దిగాం. సరుగుడు తోటల్లో ఇసుక మెత్తగా ఉండి చక్రాలు కూరుకుపోతుంటే దిగి నెట్టుకుంటూ నడిచాం. ఒడ్డుకి చేరేసరికి నీళ్ళు బాగా వెనక్కి పోయి ఉన్నాయి. అలాంటప్పుడు తడి ఇసుక సిమెంటు రోడ్డులా గట్టిగా ఉంటుంది. గాలి వీపున తోస్తుంటే పెడల్ మీద కాలు వేయడమే ఆలస్యం, సైకిల్ దానంతటది పోతుంది. ఎర్ర పీతలు మా ముందు పరుగెత్తి బొరియల్లో దూరాయి. వయసు మర్చిపోయి పోటీపడి తొక్కాను. మధ్యలో మూడు తాబేళ్ళు చచ్చి పడి ఉన్నాయి. ఒకదాని మెడకి వలతాడు ఇంకా చుట్టుకునే ఉంది. నేను తిట్టాను. ఆ రోజంతా వదిన మాటలు తక్కువే.

ఆమెకి తెలిసిన ఊళ్ళో చర్చి పక్క గదిలో పడుకున్నాం. పొద్దున్నే గంట కొట్టారు. ఆదివారం ఆరాధన మానడం వదిన ఎరుగదు. చీర మార్చుకుంటుందేమోనని చూశాను. ఆమె సైకిల్‌కి గాలి కొడుతోంది.

"చర్చికి వెళ్ళమా?"

"ఇవాళ వద్దులే. నీకొకటి చూపించాలి."

పాయ గట్టు మీదుగా తీసుకెళ్ళింది. రెండు పక్కలా మడ చెట్లు. బురదలోంచి వేళ్ళు పెన్సిళ్ళలా పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి. అవి చెట్టు ముక్కులని, ఉప్పు బురదలో ఊపిరాడక గాలి కోసం అలా పైకి వస్తాయని ఏటా బోర్డు మీద బొమ్మ వేసి చెబుతాను. సైకిల్ ఆపి ఫోటోలు తీసుకుంటుంటే, "ముందుకి రా," అని పిలిచింది.

గట్టు మలుపు తిరగగానే అడవి అయిపోయింది. పలచబడలేదు, ఒక్కసారిగా ఆగిపోయింది. అక్కణ్ణుంచి చూపు ఆనినంత మేర నల్లమట్టి, నరికిన మోళ్ళు, కాల్చిన కొమ్మల బూడిద. ఒక పక్క చెరువులు తవ్వి నీళ్ళు పెట్టేశారు. రొయ్యల కోసం నీళ్ళలోకి గాలి కొట్టే ఏరియేటర్లు తిరుగుతున్నాయి. ఇంకో పక్క పొక్లెయిన్ ఒకటి వేళ్ళతో సహా చెట్లని లేపి పక్కకి పడేస్తోంది. రేకుల షెడ్డులోంచి సూపర్‌వైజరు ఒకడు లేచి మాకు అడ్డంగా నిలబడ్డాడు.

"ఇటు దారి లేదండి. ప్రైవేటు చెరువులు."

"ఇది పాయ గట్టు. ఎప్పట్నుంచో దారే," అన్నాను.

"అప్పుడండీ. ఇప్పుడు కాదు. ఆడవాళ్ళు ఇంత దూరం సైకిళ్ళ మీద ఎందుకొచ్చేరు? మగాళ్ళెవరూ రాలేదాండీ?"

"ఈ చెట్లు ఎవరు కొట్టమన్నారు?"

"పిచ్చి మొక్కలండి. ఇది పట్టా భూమి. కొత్తపేట మాస్టారుగారిది. ఆయనా, ఆయన చెల్లెలుగారూ సంతకాలు పెట్టి లీజుకిచ్చేరు. కాయితాలున్నాయి, చూపించమంటారా?"

నేను వదిన వైపు తిరిగాను. ఆమె సైకిల్ హ్యాండిల్ పట్టుకుని నేల చూస్తోంది.

ఆ సంతకం నాకు గుర్తుంది. స్టాఫ్ రూములో పరీక్ష పేపర్లు దిద్దుతుంటే అన్నయ్య వచ్చాడు. "తాతగారి రెండెకరాలు ఊరికే పడున్నాయి. ఎవరో లీజుకి అడుగుతున్నారు," అన్నాడు. ఎర్ర పెన్ను పక్కన పెట్టి నీలం పెన్నుతో సంతకం చేసి, మళ్ళీ ఎర్ర పెన్ను తీసుకున్నాను. ఒక్క ముక్క చదవలేదు. పిల్లవాడు ఒక్క ప్రశ్న చదవకుండా జవాబు రాస్తే సున్నా వేసే మనిషిని నేను.

తాతయ్య జీవితమంతా ఇంకొకరి చేలల్లో కూలి చేశాడు. గవర్నమెంటు వాళ్ళు ఆ రెండెకరాలకి పట్టా ఇచ్చినప్పుడు అది మా వంశంలో మొదటి భూమి. ఉప్పు నేల, ఏదీ పండలేదు. అయినా నెలకోసారి అంత దూరం నడిచి వెళ్ళి చూసుకుని వచ్చేవాడట.

"ఆ చెల్లెల్ని నేనే," అన్నాను.

అతని ముఖం మారిపోయింది. షెడ్డులోంచి కుర్చీ తెచ్చి, కండువాతో తుడిచాడు. "ముందే చెప్పొద్దాండీ. కూర్చోండమ్మా. బొండాం కొట్టిస్తాను." నాకు అప్పుడొచ్చినంత కోపం అతను కసిరినప్పుడు రాలేదు.

"మాది రెండెకరాలు. ఇదంతా ఎవరిది?"

"పక్కది పోరంబోకండి. అందరూ కలుపుకుంటున్నారు కదా, మనమూ కలిపేం. మీకేం ఇబ్బంది రాదండి, అన్నిచోట్లా మాట్లాడేసేం."

కుర్చీని అక్కడే వదిలేసి సైకిళ్ళు వెనక్కి తిప్పాం. మలుపు దగ్గర ఒకావిడ పాయలోంచి పైకి వస్తోంది. నడుం దాకా బురద, చేతిలో బుట్ట. వదినని చూసి ఆగిపోయింది.

"నర్సమ్మగారా? ఎన్నాళ్ళకండీ. మీరు పురుడు పోసిన పిల్లకి పెళ్ళయిపోయిందండి."

వదిన బుట్టలోకి చూసింది. అడుగున రెండు చిన్న పీతలున్నాయి.

"ఇంతేనా?"

"ఇంతేనండి. తెల్లారుగట్ల నుంచి వెతికితే ఇవి. ఆ చెరువుల నీళ్ళు పాయలోకి వదిలేక పీతలు లేవండి, చేపపిల్లా లేదండి. చెట్లున్నప్పుడు వాటి వేళ్ళల్లోనే దొరికేవి. మొన్న వాయుగుండానికి సముద్రం నీళ్ళు మా ఇళ్ళల్లోకి వచ్చేసేయి. ఆ చెరువుల భూమి ఎవరిదోనండి, కొత్తపేట వాళ్ళదంట."

వదిన చెప్పింది. "మాదేనమ్మా. ఈవిడ మా ఆడపడుచు."

ఆవిడ నన్ను పైనుంచి కింది దాకా ఒకసారి చూసింది. తిట్టలేదు. "ఆయ్," అని, బుట్ట మార్చి పట్టుకుని మా పక్కనుంచి వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

తారు రోడ్డెక్కాక సైకిల్ ఆపేశాను.

"నీకెప్పట్నుంచి తెలుసు?"

"ఏడాదైంది."

"ఏడాదిగా నోరు మూసుకుని నాతో ఊళ్ళు తిరుగుతున్నావా?"

"మీ అన్నయ్యకి చెప్పేను. ఒకసారి కాదు. 'అది మా తాతగారి భూమి, నీకెందుకు' అన్నారు. నిజమే, నాది కాదు. నీది. అందుకే తీసుకొచ్చేను."

"ఫోన్లో చెప్పొచ్చుగా."

"చెబితే ఆయన్ని అడుగుతావు. ఆయన ఏదో ఒకటి చెబుతారు. నువ్వు నమ్మేస్తావు. ఎప్పుడూ అంతే కదా."

ఇంకా మండిపోయాను. ఆమెని వదిలేసి ముందుకి తొక్కేశాను. ఎండ నెత్తి మీద కొడుతోంది. అమలాపురంలో ఇంటికి కూడా వెళ్ళకుండా నేరుగా కొత్తపేట రోడ్డు పట్టాను. చాలాసేపటికి వెనక్కి చూస్తే ఆమె దూరంగా వస్తూనే ఉంది. ఆగి నీళ్ళిచ్చాను గానీ మాట్లాడలేదు.

అన్నయ్య వరండాలో పేపరు చదువుతున్నాడు. నా చీర కుచ్చిళ్ళకి మడ బురద చూసే గ్రహించినట్టున్నాడు.

"సైకిళ్ళ మీద షికారు తిరిగొచ్చి నాకు నీతులు చెబుతావా?" అన్నాడు నేను మొదలుపెట్టక ముందే. "చుట్టూ ఇన్ని ఊళ్ళలో పెద్దరైతులు తవ్వుకుంటే ఎవరూ అడగలేదు. మన వాళ్ళు తరతరాలు ఊరి చేలల్లో వంగి నాట్లు వేశారు. ఇప్పుడు మన భూమి మీద మనం నాలుగు మెతుకులు తింటుంటే చట్టం గుర్తొచ్చిందా?"

ఆ మాటలో సగం నిజం ఉంది. అదే నన్ను ఎక్కువ మండించింది. ఆ సగం నిజాన్ని అడ్డం పెట్టుకుని మిగతా సగం దాచేస్తున్నాడు.

"మన భూమి రెండెకరాలు," అన్నాను. "మిగతాదాంట్లో ఒకావిడ పీతలు పట్టుకుని బతికేది. ఆవిడ తాతయ్య లాంటి మనిషి. మనం ఇప్పుడు ఆయనతో కూలి చేయించుకున్న ఆసాముల లాంటి వాళ్ళం అయ్యాం. నువ్వు అదే కోరుకున్నావా?"

"బయటికి నడు," అన్నాడు.

మర్నాడు సెలవు పెట్టి అటవీ శాఖ ఆఫీసులో అర్జీ ఇచ్చాను. ఆకాశరామన్న ఉత్తరం కాదు. నా పేరు, మా సర్వే నెంబరు, నేను చదవకుండా సంతకం చేసిన సంగతి అన్నీ రాశాను. గుమాస్తా రెండుసార్లు చదివి తల గోక్కున్నాడు.

"అమ్మా, ఇది మీ మీదకే వస్తుందండి. ఆలోచించుకోండి."

"రానివ్వండి."

నెలలు తిప్పారు. చివరికి వచ్చి కొలిచారు, హద్దురాళ్ళు పాతారు. పొక్లెయిన్ వెళ్ళిపోయింది. ఆక్రమించిన చెరువుల గట్లు తెంపించారు. అప్పటికే లీజువాళ్ళు ఇంకో రొయ్యల పంట తీసుకునే వెళ్ళారు. అన్నయ్య నాతో మాట్లాడటం మానేశాడు. వదిన సైకిల్‌కి తాళం వేసి తాళంచెవి దాచేశాడు. ఆమె రిపేరు షాపు అతన్ని ఇంటికి పిలిచి, ఆయన ముందే తాళం కోయించి, అదే సైకిల్ మీద మా ఇంటికి వచ్చింది.

వానలు తగ్గాక మళ్ళీ వెళ్ళి చూశాం. తెగిన గట్లలోంచి పోటు నీరు లోపలికి వచ్చి పోతోంది. ఎక్కడా ఒక్క మొలక లేదు. కాస్త దూరంలో ఇంకెవరి పట్టా పక్కనో కొత్త షెడ్డు లేచింది. అదే సూపర్‌వైజరు. దూరం నుంచే చెయ్యెత్తి, "నమస్కారమండి టీచరుగారూ, బాగున్నారా?" అన్నాడు. గేలి చేయడం కాదు, మామూలు మర్యాదే. చెయ్యెత్తలేక హ్యాండిల్ బిగించి పట్టుకున్నాను.

పోయిన వారం నోటీసు వచ్చింది. అడవి నరికిన నేరానికి భూమి హక్కుదారులుగా అన్నయ్య పేరు, నా పేరు ఉన్నాయి. లీజుదారు పేరు ఎక్కడా లేదు. కాగితం వెనక్కి కూడా తిప్పి చూశాను. ఆఫీసుకి వెళ్ళి అడిగితే లీజు కాగితం రిజిస్టరు కాలేదన్నారు. పొక్లెయిన్ ఎవరిదని అడిగితే ఎవరికీ తెలియదు. అంత పెద్ద యంత్రం, అన్నాళ్ళు, ఎవరికీ తెలియదు.

తప్పు చేశాను, వాయిదాకి వెళ్తాను. కానీ ఒంటరిగా నిలబడను, ఆ లీజుదారునీ లాక్కొస్తాను. వదిన సాక్ష్యం చెబుతానంది.

"అన్నయ్య మీద కూడానా?" అని అడిగాను.

"చూసింది చెబుతాను. అందులో ఎవరుంటే వాళ్ళు," అంది.