ఆడవాళ్ళ బుకింగులో చెప్పిన మాట

సకల స్తోత్రాలకు పాత్రుడైన దేవునికి ముందుగా మహిమ. ఊపిరి ఇచ్చినవాడు, వినే చెవి ఇచ్చినవాడు, ఆ చెవిని నేను తప్పు పనికి వాడిన రోజున కూడా దాన్ని వెనక్కి తీసుకోనివాడు ఆయన. ఇప్పుడు రాయబోయే సంగతిలో చేదు ఎక్కువ. అది మనుషులు కలిపిన చేదు, అందులో నా చెయ్యి కూడా ఉంది. మధ్యలో నేను మరిచిపోయినా చదివేవాళ్ళు మరిచిపోకూడదని, ఆయన మంచివాడన్న మాట ముందే రాసి మొదలుపెడుతున్నాను.

డెబ్భైల్లో బెజవాడ గవర్నర్‌పేటలో ఒక సినిమా హాల్లో ఆడవాళ్ళ బుకింగు నాది. అంటే ఆడవాళ్ళకు టికెట్లు ఇచ్చే గది. గది అనడం కూడా ఎక్కువే. ఒక ఎత్తు స్టూలు, ఒక బల్ల, ఇనుప చువ్వల కిటికీ, దాని అడుగున చెయ్యి పట్టేంత కంత. ఆ కంతలోంచి మనుషులు కనిపించరు, చేతులే కనిపిస్తాయి. నాట్లు వేసి గోళ్ళు నల్లబడిన చేతులు, పసుపు ఆరని చేతులు, నలిగిన నోటును గుప్పెట్లో తడిపేసిన చేతులు. కొన్నాళ్ళకు గాజులను బట్టి మనిషిని గుర్తుపట్టేదాన్ని.

నా భర్త అదే హాల్లో మిషన్ ఆపరేటరు. ఊపిరితిత్తుల జబ్బుతో పోయారు. హాలు యజమాని జాలిపడి నాకు ఆ స్టూలు ఇచ్చాడు. ఇచ్చిన నెలకే మా సంఘ కమిటీ నాకు ప్రభువు బల్ల ఆపేసింది. నెలకొక ఆదివారం సంఘమంతా రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునేటప్పుడు నేను నా చోటనే కూర్చుని ఉండాలి. సినిమా లోకసంబంధమైనది, దాని కూడు తినేవాళ్ళకు బల్లలో పాలు లేదన్నారు. నా భర్త అన్నేళ్ళు మిషన్ తిప్పితే ఎవరూ ఏమీ అనలేదు. ఆయన గుడికి వచ్చేదే క్రిస్మసుకి. నేను ప్రతి ఆదివారం వెళ్ళేదాన్ని కనుక నన్ను ఆపడం తేలికైంది.

నేను మాత్రం దేవుని ముందు ఒక మాట ఇచ్చుకున్నాను. స్టూలు మీద కూర్చుంటాను గాని హాలు లోపల అడుగు పెట్టను. పెట్టలేదు. అక్కడ ఆడిన ఒక్క సినిమా కూడా నేను చూడలేదు. పాటలు గోడలోంచి వినపడేవి, అంతే. ఏ సినిమా ఆడుతుందో, ఏది రెండో వారానికి ఎత్తేస్తారో ముందుగా చెప్పగలిగిన మనిషిగా నాకు పేరు వచ్చిందంటే, ఆ పేరు ఎంత విచిత్రమైనదో చూడండి.

కొత్త సినిమా విడుదలైన రోజున ఫిలిం ఆఫీసుల వాళ్ళు తెల్లచొక్కాలు వేసుకుని వరండాలో నిలబడేవారు. నేల క్లాసులో ఎన్ని ఈలలు పడ్డాయి, ఏ పాటకు కాగితాలు చించి ఎగరేశారు, ఇంటర్వెల్లులో సోడాలు ఎన్ని అమ్ముడుపోయాయి, ఇవి వాళ్ళ లెక్కలు. వంద రోజులని ఒకడంటే, ఇంకొకడు పదిరోజులకి పెట్టె సర్దుకోమనేవాడు. వాళ్ళ మాటలు తప్పడమే ఎక్కువ. మొదటిరోజు వచ్చేవాడు హీరో కోసం వస్తాడు, వాడు ఎట్లాగైనా ఈల వేస్తాడు.

నాకు తెలిసినది మా నాన్న నేర్పినది. ఆయన హనుమాన్ జంక్షన్ దగ్గర ఒక పల్లెలో ప్రార్థనలు నడిపే ఉపదేశి. ప్రార్థనశాలలో ఆడవాళ్ళ చాపల ముందు నన్ను కూర్చోబెట్టి, ప్రసంగం అయ్యాక ఇంటికొచ్చి అడిగేవారు: ఏ మాట దగ్గర ఆడవాళ్ళు పిల్లల్ని సర్దుకోవడం మొదలుపెట్టారు, ఏ మాట దగ్గర ఏడుస్తున్న పిల్లనైనా పట్టించుకోలేదు. బయటికి వస్తూనే బాగుంది బాగుంది అన్నారంటే ఆ ప్రసంగం గుమ్మం దగ్గరే రాలిపోయినట్టని చెప్పేవారు. మాట లోపలికి దిగితే మనిషి వెంటనే మాట్లాడదు, ఇంటికి వెళ్ళి రెండోనాడు ఎవరికో చెబుతుంది. వాక్యం కోసం నేర్పిన విద్య అది.

నా కిటికీ పక్కనే ఆడవాళ్ళు బయటికి వచ్చే గేటు, గేటు పక్కన కుళాయి. విడుదలైన నాలుగో రోజు, సోమవారం మ్యాటినీ వదిలినప్పుడు నేను వినేదాన్ని. సోమవారం ఎందుకంటే అప్పటికి సెలవు జనం అయిపోతారు. ఇంటిపని ముగించుకుని, సాయంత్రం వంట వేళకు తిరిగి వెళ్ళాల్సిన ఆడది వచ్చిందంటే ఎవరో చెప్పబట్టి వచ్చినట్టు. వాళ్ళు నవ్వుతూ, నాయిక చీరల గురించి చెప్పుకుంటూ వస్తే సినిమా పోయినట్టే. మాటాపలుకూ లేకుండా వచ్చి, కుళాయి దగ్గర వంతు కోసం తోసుకోకుండా ముఖాలు కడుక్కుంటే అది ఆడుతుంది. ఒకసారి ఒకావిడ కొంగుతో ముఖం తుడుచుకుంటూ పక్కావిడతో మెల్లగా, "రేపు మా అత్తని తీసుకొస్తానే. ఆవిడ చూడాలి ఇది," అంది. ఆ సినిమా ఎన్ని వారాలు ఆడిందో బెజవాడలో ఆ వయసువాళ్ళకు ఇంకా గుర్తుండాలి.

మేనేజరుగారు దీన్ని కనిపెట్టారు. సోమవారం సాయంత్రం నా గది తలుపు దగ్గర నిలబడి, "ఏమ్మా, మీ కుళాయి ఏమంటోంది? బొమ్మ ఆడుద్దా, పెట్టె కట్టమంటావా?" అని ఎగతాళిగా అడిగేవారు. సినిమాను వాళ్ళు బొమ్మ అనేవారు. ఎగతాళి చేస్తూనే నేను చెప్పినదాన్ని ఫిలిం ఆఫీసు వాళ్ళకు తన మాటగా చెప్పుకునేవారు. నాకు బాధ లేదు.

ఒక సోమవారం నా కంతలోంచి గడియారం పెట్టుకున్న మగచెయ్యి లోపలికి వచ్చింది. ఇది ఆడవాళ్ళ బుకింగండీ అన్నాను. "నేనే చెల్లెమ్మా," అన్న గొంతు విని స్టూలు మీంచి లేచి నిలబడ్డాను. ఆయన మా సంఘ పెద్ద. కమిటీ కార్యదర్శి. నాకు బల్ల ఆపిన కాగితం మీద సంతకం ఆయనదే.

పామర్రులో ఒక సినిమా హాలులో ఆయనకు సగం వాటా ఉందని ఆరోజే నాకు తెలిసింది. పేరు మాత్రం భాగస్థుడిది. ఆ భాగస్థుడు ఆ ఊరి రైతు, సినిమా పెట్టె దిగిన ప్రతిసారీ కొబ్బరికాయ కొట్టే మనిషి. బెజవాడలో సినిమా ఆడుతున్న మొదటి వారంలోనే పామర్రుకు మాట్లాడుకోవాలి, ఆలస్యం చేస్తే గుడివాడ వాళ్ళు ఎత్తుకుపోతారు. పల్లెల్లో హాలు నిండేది ఆడవాళ్ళతోనే. అందుకని, మేనేజరు చెప్పుకునే మాటలు నావేనని ఎక్కడో విని నా దగ్గరికి వచ్చారు.

నేను చెప్పాను. మొదటిసారి చెప్పినప్పుడు ప్రతిఫలం అడగలేదు. రెండోసారి అడిగాను. ప్రభువు బల్ల సంగతి కమిటీలో ఒక్కసారి ఎత్తమన్నాను. "ఎత్తకుండా ఎట్లా ఉంటానమ్మా? ఈస్టరు నాటికి నువ్వు బల్ల దగ్గర ఉంటావు," అన్నారు. అట్లా అయిదు సినిమాలు. మూడు తీసుకోమన్నాను, రెండు వద్దన్నాను. అయిదూ నేను అన్నట్టే జరిగాయి.

ఆ వేసవికి ముందే గుడికి కొత్త ఫ్యాన్లు వచ్చాయి. ప్రతి రెక్క మీదా ఎర్రరంగుతో ఆయన పేరు, ఆయన భార్య పేరు. ఫ్యాను తిరుగుతున్నప్పుడు అక్షరాలు కనిపించవు, కరెంటు పోయినప్పుడు కనిపిస్తాయి. బెజవాడలో కరెంటు తరచుగా పోయేది. ఆ ఫ్యాన్లు ఏ హాలు సొమ్ముతో తిరుగుతున్నాయో నాకు తెలుసు. వాటి కింద కూర్చుని, రొట్టె పళ్ళెం నా మీదుగా పక్కావిడకు వెళ్ళడం చూస్తుండేదాన్ని. అయినా ఆశ పెట్టుకున్నాను. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమదినాలు నలభై రోజులూ ఒంటిపూట భోజనంతో ఉన్నాను. ఈస్టరుకు తెల్లచీర గంజిపెట్టి ఉంచుకున్నాను.

ఈస్టరు ఉదయం పళ్ళెం ఎప్పటిలాగే నన్ను దాటి వెళ్ళింది.

ఆరాధన అయ్యాక పాస్టరు అయ్యగారి ఇంటి వరండాలో నిలబడి, నా సంగతి కమిటీలో వచ్చిందా అని అడిగాను. ఆయన వృద్ధుడు, దాచడం తెలియనివాడు.

"వచ్చిందమ్మా. నేనే ఎత్తాను. కుదరదని గట్టిగా పట్టుబట్టింది మన పెద్దాయనే. హాలు మెట్లెక్కే మనిషికి బల్ల ఎట్లా ఇస్తామన్నాడు. ఆయన నీకు కావలసినవాడేగా, నీ మంచికే అని ఉంటాడు."

నేను ఆయన కాళ్ళకు దండం పెట్టి వచ్చేశాను. ఇంటికి వచ్చి చీర మడత పెట్టాను. ఏడవలేదు. ఏడిస్తే బాగుండేదని తర్వాత అనుకున్నాను.

మరుసటి వారం ఒక పెద్ద హీరో సినిమా విడుదలైంది. సోమవారం మ్యాటినీ వదిలేసరికి ఆడవాళ్ళు గలగలా మాట్లాడుకుంటూ వచ్చారు. "బాగానే ఉందిలే వదినా, కాసేపు కాలక్షేపం," అంది ఒకావిడ. కుళాయి దగ్గర ఎవరూ ఆగలేదు. అంతకంటే చావు కబురు ఇంకొకటి ఉండదు. కాసేపటికి గడియారం చెయ్యి కంతలోకి వచ్చింది. వారం కిందట ఏమీ జరగనట్టే ఉంది ఆ గొంతు.

"ఎట్లా ఉంది చెల్లెమ్మా? ఈసారి రేటు ఎక్కువ అడుగుతున్నారు. నాకు ఒకపట్టాన ధైర్యం చాలట్లేదు."

నా జీవితంలో తెలిసి చెప్పిన అబద్ధాలు ఎన్నో లేవు. అది మాత్రం నోట్లో నానబెట్టి చెప్పాను.

"కళ్ళు తుడుచుకుంటూ వచ్చారండీ అన్నయ్యగారూ. పల్లెల్లో అయితే బళ్ళు కట్టుకుని వస్తారు. వదులుకోవద్దు."

ఆయన వదులుకోలేదు. పామర్రులో మూడు వారాలకు మాట్లాడుకున్న సినిమా నాలుగు రోజులకు ఖాళీ బెంచీలకు ఆడింది. ఆయనకు తగిలింది కాని, ఆయన నిలదొక్కుకోగలడు. వెంటనే తన వాటా తీసేసుకున్నారు. భాగస్థుడు ఒంటరిగా మోయలేక కొన్ని నెలలకు హాలు మూసేశాడు. మేనేజరుగారు చెబితే విన్నాను, దాన్ని ఎరువుల గోడౌనుకి ఇచ్చేశాడట. ఆ మనిషి నాకు ఏ అపకారమూ చేయలేదు. ఆయన ముఖం కూడా నాకు తెలియదు.

పెద్దాయన ఇంకొక్కసారి వచ్చారు. ఈసారి చెయ్యి కంతలో పెట్టలేదు, తలుపు దగ్గరే నిలబడ్డారు.

"తెలిసే చెప్పావా?"

"హాలు మెట్లెక్కే మనిషి మాట మీరెందుకు నమ్మారండీ?" అన్నాను.

ఆయన ముఖం నల్లబడింది. వెనక్కి తిరిగి వెళ్ళిపోయారు. ఆ ఒక్క నిమిషం నాకు కలిగిన సంతోషం దేవుని దగ్గరనుంచి వచ్చినది కాదని అప్పుడే తెలుసు. తెలిసీ దాన్ని రెండు రోజులు చప్పరించాను.

నెల తిరక్కుండా కమిటీ నన్ను పిలిచింది. నేను సినిమాలకు సోదె చెబుతున్నానని ఫిర్యాదు. సోదె దేవునికి హేయమని మాకు చిన్నప్పటినుంచీ చెప్పేవారు, ఆ మాటతో ఎవరైనా హడలిపోతారు. ఫిర్యాదు ఎవరిచ్చారో చెప్పలేదు. పాస్టరు అయ్యగారు నొచ్చుకుంటూ అడిగారు, ఫలానా సినిమా ఆడుతుందని, ఆడదని ముందే చెప్పిన మాట నిజమేనా అని.

"నిజమేనండీ."

"ఎవరికి చెప్పావమ్మా?"

పెద్దాయన తల పైకెత్తి ఫ్యాను చూస్తున్నారు. కమిటీలో ఉన్న మిగతా వాళ్ళు తమ తమ చేతులు చూసుకుంటున్నారు. నాకు అప్పుడు అర్థమైంది, పామర్రు హాలు సంగతి వాళ్ళందరికీ ఎప్పటినుంచో తెలుసని.

"అడిగినవాళ్ళకు చెప్పానండీ. అది సోదె కాదు, ఆడవాళ్ళ మాటలు విని చెప్పాను. అయిదుసార్లు నిజం చెప్పాను. ఒకసారి కావాలని అబద్ధం చెప్పాను. శిక్ష వేసేటట్టయితే దానికి వేయండి," అన్నాను.

ఏ అబద్ధమని ఎవరూ అడగలేదు. ఎవరికి నష్టం జరిగిందని అడగలేదు. అడిగితే జవాబులో ఆయన పేరు వస్తుంది. ఇంకొక ఏడాది బల్ల ఆపాలని మొదట అన్నది ఆయనే. మిగతా వాళ్ళు తలూపారు. ఆయన పేరు చెప్పకపోవడం నా క్షమాగుణం అని ఆ తర్వాత కొందరు మెచ్చుకున్నారు. కాదు. చెబితే నా పగ కూడా బయటపడుతుంది, అందుకని నోరు మూసుకున్నాను.

ఒక ఏడాది అన్నది మరింత సాగింది. చివరికి కొత్త పాస్టరు వచ్చారు. కుర్రవాడు. పన్ను వసూలు చేసేవాణ్ణి పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్న ప్రభువు టికెట్లు ఇచ్చే ఆవిడను వద్దంటాడా అని ఒక ఆదివారం పీఠం మీదనుంచే అడిగి, నన్ను రమ్మన్నారు. అంత తేలికగా అయిపోయింది. ద్రాక్షరసం గిన్నె పట్టుకుని నిలబడ్డది పెద్దాయన. "పుచ్చుకో చెల్లెమ్మా," అన్నారు, నిన్నమొన్నటివరకూ కలిసి భోంచేసినవాడిలాగా. పుచ్చుకున్నాను. అన్నేళ్ళు ఎదురుచూసిన గిన్నె అది. తియ్యగా ఉంటుందనుకున్నాను.

ఎవరికైనా మన మీద నొప్పి ఉంటే దేవుని కానుకను బలిపీఠం దగ్గరే వదిలి ముందు వెళ్ళి సమాధానపడాలని మా నాన్న పదేపదే చెప్పేవారు. నేను ఆ భాగస్థుడి దగ్గరికి వెళ్ళలేదు. మా అక్క ఇంటికి వెళ్ళే బస్సు పామర్రులో ఆగుతుంది. కిటికీలోంచి ఆ గోడౌను కనిపిస్తుంది, ముందు గోడ మీద సినిమా బొమ్మలు అంటించిన పేస్టు మరకలు చాలాకాలం పోలేదు. ప్రతిసారీ దిగుదామనుకుని, బస్సు కదిలేదాకా కూర్చునే ఉన్నాను. ఆయన ఇల్లు ఎక్కడని ఎవరినడిగినా చెప్పేవారు.

ఇది చదివినవారు ఏ గుడికి వెళ్ళేవారైనా సరే, ఒక్క నిమిషం నాతో కలిసి కళ్ళు మూసుకోండి. పెద్దాయన కోసం నేను ఇప్పటికీ మనసారా ప్రార్థించలేను, ఆయన వంతు ప్రార్థన మీరు చేయండి. పామర్రులో నేను ముఖమైనా చూడని ఆ మనిషి కోసం అడగండి, ఇంకా ఉంటే ఆయన్ని కాపాడమని, ఉన్నాడో లేడో వెళ్ళి తెలుసుకునేందుకు నా కాళ్ళకు బస్సు దిగే బలం ఇమ్మని. నేను మొదలుపెడతాను, మీరు ఆమెన్ అనండి.