జీతంలో పోసిన నూనె

లోవమ్మకు శనివారం జీతం కొంత డబ్బుగానూ, కొంత నూనెగానూ ఇచ్చేవారు. నూనె అంటే గానుగ దగ్గర కొన్న నూనె కాదు. వారమంతా బజ్జీలూ గారెలూ వేగి వేగి, నల్లబడి, అడుగున మడ్డి కట్టిన నూనె. మూకుడులో ఇక పనికి రాదనుకున్నాక దాన్ని డబ్బాల్లోకి వంపి, హోటలు పెరట్లో పిండి రుబ్బేవాళ్ళకూ అంట్లు తోమేవాళ్ళకూ పంచేవారు. పారబోస్తే దండగ, జీతం కింద పోస్తే లెక్కలోకి వస్తుంది. ఇదేమిటని లోవమ్మ ఏనాడూ అడగలేదు. డబ్బా మూతి కొంగుతో తుడుచుకుని, "ఎల్లొత్తానండి బాబూ" అని వెళ్ళిపోయేది.

డెబ్బైల మొదట్లో నాతవరం దగ్గరి పల్లె నుంచి భర్త సింగన్నతో నర్సీపట్నం వచ్చిన మనిషి ఆమె. సింగన్నకు ఒంటెద్దు బండి ఉండేది. బస్టాండు ఎదుట దక్షిణామూర్తి గారి హోటల్లో ఆమెకు పిండి రుబ్బే పని దొరికింది. దక్షిణామూర్తి గారు పనివాళ్ళను తిట్టి ఎరగడు. "ఏమ్మా లోవా, తిన్నావా?" అని పలకరించేవాడు. అంత మెత్తగా మాట్లాడే మనిషిని నూనె గురించి నిలదియ్యటానికి ఎవరికి నోరొస్తుంది?

అప్పట్లో ఆ హోటల్లో ఇడ్లీ, ఉప్మా, పెసరట్టు. నూనె వంటలు సాయంత్రం పూటే. జీతంలో వచ్చేది కాస్తంత నూనె. దాన్ని సింగన్న బండి ఇరుసుకు రాసుకునేవాడు. ఒకసారి మాత్రం, ఇంట్లో మంచి నూనె అయిపోయి లోవమ్మ దాంతోనే వంకాయ వేపుడు చేసింది. సింగన్న గుండెల్లో మంటని రెండు పూటలు అన్నం ముట్టలేదు. ఆ తర్వాత ఆ డబ్బాను ఆమె పొయ్యి దగ్గరికి రానివ్వలేదు.

ఎనభయ్యారులో హోటలు ముఖం మారిపోయింది. కూర్చునే బల్లలు తీసేశారు. నిలబడి తినే గట్టు కట్టారు. 'ఫాస్ట్ ఫుడ్ సెంటర్' అని ఎర్రక్షరాల బోర్డు పెట్టారు. నూడిల్సు, ఫ్రైడ్ రైసు, కట్‌లెట్లు. యలమంచిలిలో రైలు దిగి వచ్చేవాళ్ళూ, చింతపల్లి బస్సు ఎక్కేవాళ్ళూ అక్కడే ఎగబడేవారు. "వైజాగు దాకా ఎల్లక్కర్లేదురా, మనూళ్ళోనే ఫాస్టు ఫుడ్డు" అని కుర్రాళ్ళు కాలరెగరేశారు. పిల్లల్ని తీసుకుని ఆదివారం అక్కడికి వెళ్ళటం ఆఫీసు ఉద్యోగుల ఇళ్ళలో గొప్పయింది. ఇంట్లో పొద్దున్నే చేసే అట్టూ చట్నీ ఎవరి కంటికీ ఆనలేదు.

రోలు పోయి గ్రైండరొచ్చింది. లోవమ్మను పొద్దుటా సాయంత్రమూ మూకుడు దగ్గర నిలబెట్టారు. ఎడతెగకుండా వేగుతుంటే నల్ల నూనె కూడా ఎడతెగకుండా మిగిలేది. జీతంలో డబ్బు పాలు తగ్గింది, నూనె పాలు పెరిగింది. గుడిసెలో డబ్బాల మీద డబ్బాలు.

"బండికి ఎంతని రాసేదే? ఎద్దుకి కూడా రాసీమంటావేటి?" అన్నాడు సింగన్న.

పక్కింటి గున్నమ్మ నవ్వింది. "ఓలమ్మ, పిచ్చిదానివే! బడికాడ బజ్జీలెయ్యి. గుంటలు బేగి బేగి కొనీసుకుంతారు. నూనెకి నీకు పైసా ఖర్చునేదు గదేటి?"

మధ్యాహ్నం హోటల్లో పనుండదు. లోవమ్మ ఆడపిల్లల బడి గేటు దగ్గర కుంపటి పెట్టింది. గున్నమ్మ అన్నట్టే ఇంటర్వెల్ గంట కొట్టగానే పిల్లలు మూగేవారు. వాళ్ళకు బజ్జీ ముక్కు అదిరేట్టుండాలి, ఎర్రగా కరకరలాడాలి, అంతే. సోషల్ చెప్పే కనకమహాలక్ష్మి గారు కూడా వచ్చి, "లోవమ్మా, రెండు వేడివి ఇలా వెయ్యి" అని నిలబడి తినేది.

ఆ బడిలోనే లోవమ్మ కూతురు దేవుడమ్మ ఏడో క్లాసు చదువుతోంది. బజ్జీల డబ్బుతో కూతురికి కొత్త యూనిఫాం వచ్చింది. ఇంట్లో తాలింపుకు మంచి నువ్వుల నూనె సీసా కూడా వచ్చింది. బజ్జీ మాత్రం రాలేదు. "అది ముట్టుకున్నావంటే సేతులిరగ్గొడతాను" అని లోవమ్మ కూతురికి చెప్పి ఉంచింది. ఎందుకో కూడా చెప్పింది.

ఒకరోజు ఇంటర్వెల్‌లో అలివేలుమంగ అనే పిల్ల తన బజ్జీలో సగం తుంచి దేవుడమ్మ నోటి దగ్గర పెట్టింది.

"తినవే, మీ అమ్మ చేసిందేగా."

"నాకొద్దు."

"అబ్బో, బడాయి! మేం తినేది నువ్వు తినవా?"

"బడాయి కాదే. మాయమ్మ కొడద్ది. అది హోటల్లో జీతం కింద పోసిన మడ్డి నూనె. మేం తినం, బండికి రాస్తాం."

పిల్ల గొప్ప కోసం అనలేదు, పితూరీగానూ అనలేదు. అడిగితే చెప్పింది. చుట్టూ ఉన్నవాళ్ళు నమలటం ఆపేశారు. ఒక పిల్ల గోడవారకి పోయి ఉమ్మేసింది. కనకమహాలక్ష్మి గారి చేతిలో కొరికిన బజ్జీ అలాగే ఉంది.

"లోవమ్మా, పిల్ల చెప్పేది నిజమేనా?"

లోవమ్మ కూతురి మొహం చూడలేదు. కుంపటి విసురుతూ అంది: "నేదమ్మగారూ. గుంట అబద్దాలాడతంది. ఉత్త అబద్దాలకోరు."

టీచరు ఊపిరి పీల్చుకుంది. అబద్ధాలాడే పిల్లకు బుద్ధి చెప్పటం తన పని అనుకుంది. పళ్ళెంలోంచి ఒక బజ్జీ తీసి దేవుడమ్మకు అందించింది. "ఏం దేవుడమ్మా, అమ్మను అల్లరి పెడతావా? ఇదిగో, అందరి ముందూ తిను."

దేవుడమ్మ బజ్జీ అందుకుంది. తల్లివైపు చూసింది. తల్లి చెప్పింది అబద్ధమని ఆ పిల్లకు తెలుసు, తినకపోతే అది అందరికీ తెలిసిపోతుందనీ తెలుసు. నోరు తెరిచింది.

లోవమ్మ కుంపటి మీంచి ఒక్క గెంతు గెంతి ఆ బజ్జీ లాక్కుని దుమ్ములో విసిరేసింది.

నిజమేదో ఇక అడగాల్సిన పని లేకపోయింది. పిల్లలు ఒక్కొక్కరే చేతిలో ఉన్నవి ఆమె కుంపటి పక్కన పడేసి లోపలికి వెళ్ళారు. "నీ పిల్లకు పనికి రానిది వీళ్ళకెలా పెట్టావమ్మా?" అని టీచరు అంటుంటే లోవమ్మ కుంపటిలో నీళ్ళు కుమ్మరించింది.

శనివారం దక్షిణామూర్తి గారి ముందు డబ్బా తియ్యకుండా నిలబడింది.

"నూనొద్దు బాబూ. డబ్బులియ్యండి."

"ఊరంతా లొట్టలేసుకు తింటోంది, నీకొక్కదానికే చేదైందా లోవా?"

"మీ పిల్లలకి ఆ నూనెతో ఎప్పుడేనా ఏసి పెట్టేరా బాబూ? నానూ నా గుంటకెట్టనేదు. ఊరోల పిల్లలకెట్టేను."

ఆయన అప్పుడూ మెత్తగానే అన్నాడు: "ఇష్టం లేకపోతే మానెయ్యమ్మా. గున్నమ్మ పని అడుగుతోంది."

లోవమ్మ మానేసింది. ఇప్పుడు జీడిపిక్కలు కొట్టే షెడ్డులో పని చేస్తోంది. బడి ఉన్న వీధిలోంచి నడవదు. "నన్నెందుకు అబద్దాలకోరన్నావమ్మా?" అని దేవుడమ్మ అడిగినప్పుడల్లా కూతుర్ని దగ్గర కూర్చోబెట్టుకుని జడ వేస్తుంది. ఊరు లోవమ్మను చీదరించుకుంది. అదే ఊరు సాయంత్రానికి ఫాస్ట్ ఫుడ్ గట్టు దగ్గర నిలబడి తింటూనే ఉంది. బడి గేటు దగ్గర ఇప్పుడు గున్నమ్మ కుంపటి వెలుగుతోంది.

లోవమ్మ సిగ్గుపడింది, పని పోగొట్టుకుంది. అందులో మన వాటా మనం ఇంకా తీసుకోలేదు. చదివిన మీరు ఒక పని చెయ్యండి. ఈ ఆదివారం పిల్లల్ని తీసుకుని ఏ ఫాస్ట్ ఫుడ్‌కు వెళ్ళినా, నలుగురూ కలిసి గల్లాపెట్టె దగ్గర కూర్చున్న యజమానిని అడగండి: మూకుడులో మిగిలిన నూనె ఎటు పోతోంది? పనివాళ్ళకు పోస్తున్నామంటే, దాన్ని పారబొయ్యమనండి, జీతం పూర్తిగా డబ్బుగా ఇమ్మనండి. ఇచ్చేదాకా ఆ గట్టు దగ్గర నిలబడకండి. గేటు దగ్గర కుంపటి పెట్టుకున్న ఆడమనిషిని మాత్రం తరమొద్దు. ఆమె చేతిలోకి ఆ డబ్బా వచ్చిన దారిని మూయించండి.