మా పెళ్లి తెలుపు

సినిమాల్లో మా సీమకు రెండే రంగులు. మగవాళ్ల తెల్లచొక్కా, దాని మీద పడే ఎరుపు. ఆడమనిషికి తెల్లచీర కట్టిస్తే మొగుడు పోయాడని లెక్క. మా ఇంట్లో మాత్రం తెలుపు పెళ్లి రంగు. జమ్మలమడుగు చర్చిలో మా అమ్మ, ఆ తర్వాత నేను ఒకే తెల్లపట్టు చీరలో ప్రమాణాలు చేశాం. ఇక దాన్ని కట్టుకోవాల్సింది నా కూతురు. పులివెందుల సంబంధం ఖాయమైంది కూడా.

అప్పుడే పెన్న ఒడ్డున షూటింగుకు వచ్చిన కాస్ట్యూమ్స్ అబ్బాయి మా ఎదురింట్లో దిగాడు. ఎండకు ఆరేసిన మా పెళ్లిచీర చూసి, "పెళ్లి సీనుంది. మీ చీర ఒక్క పూట ఇవ్వండక్కా" అన్నాడు. బడికి పోకుండా నాన్న దగ్గర బైబిలుతోనే అక్షరాలు నేర్చుకున్నదాన్ని. అడిగినవాడికి లేదనకూడదన్నది నా మొదటి పాఠాల్లో ఒకటి. ఇచ్చాను.

మరునాడు తెచ్చిన చీర రొమ్ము నుంచి కుచ్చిళ్ల దాకా ఎర్రగా ఉంది. పెళ్లికూతురికి కాదు, మొగుడి శవం మీద పడి ఏడ్చే ఆమెకు కట్టించారట.

"తెలుపు మీద ఎరుపు పడితేనే కదక్కా ఎఫెక్టు! చూసేవాళ్లకు కన్నీళ్లు ఆగవు."

"నాకు ఇప్పుడే ఆగడంల్యా నాయనా" అన్నాను.

సబ్బు, నిమ్మకాయ, ఎండ, దేనికీ ఆ రంగు లొంగలేదు. కూతురు ఏడవలేదు. "వేరేది కొనుక్కుందాంలేమ్మా" అని లోపలికి వెళ్లిపోయింది. ఆ మాట నాలో నిప్పై కూర్చుంది. ఉతకడం మానేసి చీరను మడిచి దాచాను. ప్రార్థనలో తిండికీ గుడ్డకూ స్తోత్రం చెప్పి, "వాణ్ణి ఒక్కసారి నా ముందుకు తీసుకురా ప్రభువా" అని కలిపేదాన్ని. పగ తీర్చడం ఆయన పనేనని తెలుసు. నన్నూ పక్కన నిలబడనిమ్మని అడిగేదాన్ని.

తెచ్చాడు ప్రభువు. అదే సినిమాలో పెళ్లి ఘట్టం మా చర్చిలో తీస్తారట. "అందరూ తెల్లచీరల్లో రండక్కా, పవిత్రంగా కనబడుతుంది" అని ఆ అబ్బాయే ఇంటికొచ్చి పిలిచాడు. కాఫీ ఇచ్చి, వస్తామన్నాను.

పెళ్లికూతురి వెనకే, మొదటి వరుసలో కూర్చున్నాను. కెమెరా తిరగగానే ఒళ్లంతా కప్పుకున్న శాలువా తీసేశాను.

"కట్! ఏంటమ్మా ఆ చీర? పెళ్లిలో రక్తమేంటి?" అని డైరెక్టరు అరిచాడు.

"నేనూ అదే అడుగుతాండా సార్. మా పెండ్లిచీరకు రక్తమేంది? మీవాడే పూసి తెచ్చిచ్చినాడు."

నన్ను బయటికి పంపమన్నాడు. వెనక నుంచి ఒక పెద్దామె, "ఆయమ్మ పోతే మేమూ పోతాం. ఖాళీ బెంచీలకు చేసుకోండప్పా పెండ్లి!" అంది. అందరూ నవ్వారు. ఎవరూ లేవలేదు.

కాస్ట్యూమ్స్ అబ్బాయి నా ముందు వంగాడు. "అక్కా, నా ఉద్యోగం పోతుంది."

"పోనీ నాయనా. ఈ రంగయితే పోదు."

కిటికీల్లో వెలుతురు పోయేదాకా నేను కదల్లేదు. వాళ్లు సామాను సర్దుకుని వెళ్లిపోయారు. వాణ్ణి పనిలోంచి తీసేశారని తర్వాత విన్నాను. విని, కడుపునిండా అన్నం తిన్నాను.

కూతురి పెళ్లి ప్రొద్దుటూరులో కొన్న కొత్త తెల్లచీరతో జరిగింది. మంచి అల్లుణ్ణి ఇచ్చిన దేవునికి స్తోత్రం. కానీ దాని కొంగు సర్దుతుంటే మా అమ్మ మడతలు ఎక్కడా చేతికి తగల్లేదు. వాణ్ణి క్షమించమని పాస్టరుగారి భార్య ఇప్పటికీ అంటుంది.

"ఇంకా ఆ పొద్దు రాల్యాక్కా" అంటాను.