రాట్నం లెక్కన కొన్న చక్రం

మా బాపు సైకిల్ కొన్నది షోకుకు కాదు. తను నేసిన చీరెలు తనే మంథని అంగడికి తీసుకపోయి అమ్ముకోవాలని. అప్పటిదాకా మగ్గం మీది నుంచి దిగిన చీరె దిగినట్టే షావుకారు ఇంటికి పోయేది. ఎవరు కట్టుకున్నారో, బాగుందన్నారో లేదో కూడా బాపుకు తెలిసేది కాదు.

ఆ సైకిల్ పాతది. పెడళ్ల దగ్గరి చక్రానికి పండ్లు అరిగిపోయి, తొక్కుతుంటే చైను జారేది. నూలు కోసం పెద్దపల్లికి పోయిన రోజు చక్రం మార్పిద్దామని దుకాణం దగ్గర ఆగాము. బాపు, అవ్వ అని పిలుచుకునే మా అమ్మ, నేను. దుకాణమాయన రెండు చక్రాలు తెచ్చి ముందర పెట్టాడు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది.

"మూట కట్టుకొని గుట్ట ఎక్కుతనంటివి గదనే అన్నా, గీ చిన్నది పెట్టుకో. జర మెల్లగ పోతది గనీ కాళ్లకు అల్కగుంటది" అన్నాడు.

బాపు తల అడ్డంగా ఊపాడు. "మా ఇంట్ల రాట్నం సూసినవా? పెద్ద చక్రం ఒక్కపారి తిప్పితె కండె ఎన్ని సుట్లు తిరుగుతదో! తొక్కుడు తక్కువ, పోవుడు ఎక్కువ. పెద్దదే పెట్టు."

"నీ రాట్నం గుట్టలెక్కుతదానే?"

పంక్చరు కోసం కూర్చున్నవాళ్లు కూడా పకపకా నవ్వారు. దాంతో బాపుకు పంతం వచ్చింది. అవ్వ వంగి, చిన్న చక్రాన్ని వేలితో మెల్లగా తిప్పి చూస్తున్నది.

"ఏందే, చిన్నపోరి లెక్క ఆడుకుంటున్నవ్?" అన్నాడు బాపు.

"ఏం లే" అని అవ్వ కొంగు సర్దుకొని లేచి నిలబడింది.

పెద్దదే బిగించారు. చదును బాట మీద సైకిల్ గాలిలా పోయేది. బాపు సంబురం చూడాలి! మంథని తొవ్వలో గుట్ట ఎక్కుడు మొదలైనప్పుడు తెలిసింది దాని బరువు. దిగి నెడదామంటే వెనక అంగడికి పోయే బండ్లు, బండ్ల మీద తెలిసినవాళ్లు. బాపు దిగలేదు. పెడళ్ల మీద నిలబడి, పండ్లు కొరికి తొక్కేవాడు. అంగట్లో మాత్రం ఆయన చీరెల కోసం ఆడవాళ్లు వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. ఆ మాటలు ఇంటికొచ్చి మాకు ఒకటికి రెండుసార్లు చెప్పేవాడు.

వానకాలం వచ్చేసరికి కుడి మోకాలు వాచింది. గుంటమగ్గంలో కాళ్ల కింది చెక్క తొక్కితే చాలు, అబ్బా అనేవాడు. ఒక పొద్దున అవ్వ ఆముదం వెచ్చజేసి ఆ మోకాలికి రాస్తూ అన్నది:

"తడి నూలు పెట్టినప్పుడు పెద్ద రాట్నం నా రెక్క గుంజుతది. చిన్నదైతె తిప్పుడు ఎక్కువ గనీ నొప్పుండది. గా దినం దుకాణంల గదే అనుకున్న."

"మరి అనకపోతివి?"

"అందరు నవ్వబట్టిరి. నేను సుత వాళ్ల దిక్కే మాట్లాడితె నీ మొకం ఏం గావాలె?"

బాపు కాలు చాపుకొని అట్లాగే కూర్చున్నాడు.

తర్వాత చిన్న చక్రం పెట్టించాడు. నిజంగానే అల్కగా, కాళ్ల మీద బరువు లేకుండా ఉండేది. కానీ అప్పటికే మోకాలు పోయింది, మగ్గం ఎట్లాగో నెట్టుకొచ్చినా మూటతో అంత దూరం పోలేకపోయాడు. చీరెలు మళ్లీ షావుకారు ఇంటి బాట పట్టాయి. పాపం అవ్వ, ఆ ఒక్క మాట గొంతులోనే ఆపుకున్నందుకు ఎన్నేళ్లు బాధపడ్డదో! కోపం చేసినా బాగుండేది, బాపు అది కూడా చేయలేదు.

నా పెళ్లి సామాన్ల కోసం ముగ్గురం బస్సులో మంథనికి పోయాము. షావుకారు మనిషి పరిచిన చీరెల్లో ఒకటి బాపు నేసినదే. ఆ అంచు మా ఇంట్లో తప్ప ఎవరూ వేయరు. ఒకామె దాన్ని భుజం మీద వేసుకొని "ఎవలు నేసిండ్రో గనీ" అంటున్నది. ఆ మిగతా మాట వినాలని నేను ఆగాను. బాపు ఆగలేదు. కుంటుకుంటూ ముందుకు పోయాడు.