ఎవోరాలో సగం ప్రదక్షిణ

టొరంటో ఎయిర్‌పోర్టులో సస్కటూన్ విమానం కోసం కూర్చుని ఉండగా మా అమ్మాయి ఫోన్ చేసింది. "అమ్మా, అత్త ఈజ్ గాన్. ఐ యామ్ సో సారీ అమ్మా," అంది. పక్క కుర్చీలో ఎవరో శాండ్‌విచ్ కాగితం విప్పుకుంటున్నారు. ఇంకొక్క విమానం ఎక్కితే ఆమె దగ్గరికి చేరిపోయేదాన్ని. ఇప్పుడు ఎవరి కోసం ఎక్కాలో తెలియక, పేరు పెట్టి పిలిచేదాకా అక్కడే కూర్చున్నాను.

పోయింది మా ఆడపడుచు. మా ఆయనకు ఒక్కగానొక్క చెల్లెలు. సస్కటూన్ యూనివర్సిటీలో మట్టి గురించి పాఠాలు చెప్పి రిటైరయింది. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగిన వాళ్ళను "మీకు బాగా కుదిరిందా?" అని ఎదురు అడిగి నోరు మూయించేది. మా ఆయన పోయాక నేను ఇంటి బేస్‌మెంట్‌లో తలుపులు వేసుకుని కూర్చుంటే, కర్మలన్నీ అయిన తర్వాత ఒకరోజు వచ్చి నా పాస్‌పోర్టు అడిగింది. "ఏడవడానికైనా కాస్త మంచి చోటు ఉండాలి వదినా. ఈ బేస్‌మెంట్‌లో ఏముంది?" అంది. రోమన్ల పాడుబడ్డ గుళ్ళ చుట్టూ మా తిరుగుడు అలా మొదలయింది.

చెక్కుచెదరని గుళ్ళంటే ఆమెకు పడేది కాదు. ఫ్రాన్స్‌లోని నీమ్ ఊళ్ళో నిక్షేపంగా ఉన్న గుడిని చూసి, "బాగుందిలే, షోరూమ్‌లా," అని పెదవి విరిచింది. రోములో నడిబజారు మధ్య గోతిలో మిగిలిన గుళ్ళను మాత్రం కమ్మీ పట్టుకుని వంగి వంగి చూసింది. గుళ్ళు కిందికి దిగలేదని, చుట్టూ నేలే పెరిగిందని నాకు పాఠం చెప్పింది. నాకు అక్కడ పిల్లులే కనిపించాయి.

ఏ గుడి దగ్గరైనా ముందు చెప్పులు విప్పేది. "అందులో దేవుడు లేడు కదే అమ్మాయ్," అని నేనంటే, "గడప ఉందిగా," అనేది. చుట్టూ ఒక ప్రదక్షిణ పూర్తి చేయనిదే ఫోటో కూడా తీయనిచ్చేది కాదు. రోములో నది ఒడ్డున ఒక గుండ్రటి గుడి ఉంది. చెప్పులు చేత పట్టుకుని మేమిద్దరం దాని కంచె చుట్టూ తిరుగుతుంటే, అదేదో క్యూ అనుకుని కొందరు టూరిస్టులు మా వెనకే నడిచారు. మొదలుపెట్టిన చోటికే వచ్చాక, టికెట్లు ఎక్కడ ఇస్తారని ఒకాయన అడిగాడు. దర్శనం అయిపోయింది, ఇక వెళ్ళొచ్చని ఆమె ఇంగ్లీషులో చెప్పింది. మా ఆయన పోయాక నేను పొట్ట పట్టుకుని నవ్వింది ఆ రోజే.

తర్వాత పోర్చుగల్‌లోని ఎవోరా అనుకున్నాం. అక్కడొక గుడికి స్తంభాలు కొన్ని మిగిలాయి. ఇద్దరికీ టికెట్లు కొన్నాక ఆమె కడుపులో గడ్డ బయటపడింది. కొన్నాళ్ళు వైద్యం చేసి, ఇక చేయగలిగింది లేదన్నారు డాక్టర్లు. నేను టికెట్లు క్యాన్సిల్ చేయబోతే ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"నాది చెయ్. నీది ఉంచు."

"నిన్నిలా మంచంలో వదిలేసి నేను గుళ్ళు చూడాలా? బుద్ధుందా నీకు?"

"నువ్వు పక్కన కూర్చుంటే నేను బతుకుతానా? వీడియో కాల్ చేసి నాకు చూపించు వదినా. చుట్టూ తిప్పు, పూర్తిగా. నీ కాళ్ళు పట్టుకుంటా."

ఎప్పుడూ నామీద పెత్తనం చేసిన మనిషి ఆ రోజు బతిమాలింది. అది చూడలేక ఒప్పుకున్నాను. ఒంటరిగా ఊరు దాటి ఎరగను. విమానంలో ముద్ద దిగలేదు. నేను తిరిగి చేరేదాకా ఆమెను ఉంచమని మా దేవుళ్ళకు మొక్కాను, చాలక ఆ పాడుబడ్డ గుళ్ళలో ఒకప్పుడు ఉన్నవాళ్ళకూ మొక్కాను. లిస్బన్‌లో బస్సు స్టేషన్ దొరక్క రోడ్డు మీద నిలబడి ఏడ్చాను.

ఎవోరాలో గుట్ట మీద ఎత్తైన రాతి అరుగు, దానిపై స్తంభాలు, వాటి పైన ఆకాశం. చెప్పులు విప్పి కాల్ చేశాను. అక్కడ ఆమె మంచం పక్కన మా అమ్మాయి ఫోన్ పట్టుకుంది. దిండులో చిన్న మొహం కనిపించింది.

"ఎండగా ఉందా?" అంది.

"కాళ్ళు కాలిపోతున్నాయే."

"అయితే తిరుగు," అంది.

ఫోన్ స్తంభాలవైపు పెట్టి నడిచాను. ఎండకు స్క్రీన్ కనిపించలేదు. అయినా చెబుతూ పోయాను. దీనికి తల విరిగింది, దానిమీద పావురం కూర్చుంది, అని. దక్షిణం వైపుకు వస్తే ఒక్క స్తంభమూ లేదు, ఉత్త అరుగు. అక్కడ చెప్పడానికి ఏమీ లేక, నేను కొత్తకోడలిగా మాడ్చిన కూరను తానే మాడ్చానని అత్తగారికి చెప్పిన సంగతి గుర్తు చేశాను. ఇక ఆగలేకపోయాను. "నువ్వూ పోతే నాకెవరున్నారే? చెప్పు!" అని అరిచాను. జనం ఆగి చూశారు. చుట్టు పూర్తయ్యాక నీడలోకి వచ్చి చూస్తే కాల్ ఎప్పుడో తెగిపోయి ఉంది. మళ్ళీ చేస్తే, నర్సు ఇంజెక్షన్ ఇచ్చిందని, అత్త నిద్రపోతోందని చెప్పింది మా అమ్మాయి. ఆ నిద్రలోంచి ఆమె లేవలేదు.

దహనం అయిన మర్నాడు మా అమ్మాయి నా దగ్గర కూర్చుని ఏడ్చింది. మొదటి మలుపు దగ్గరే కాల్ తెగిపోయిందట. అప్పటికే అత్త కళ్ళు మూసుకుని, "వదిన ఇంకా మాట్లాడుతోందా?" అని అడిగిందట. తనేమో, "యా అత్తా, షి ఈజ్ స్టిల్ టాకింగ్," అని ఫోన్ ఆమె చెవికి ఆనించిందట. "ఐ లైడ్ టు హర్, అమ్మా," అంది.

అబద్ధమేమీ కాదు. ఆ వేళకు నేను ఆ ఉత్త అరుగు ముందు, కాలే రాళ్ళ మీద నిలబడి, నాకెవరున్నారని ఆమెను అడుగుతున్నాను. ఇక్కడ సస్కటూన్‌లో, మూగబోయిన ఫోన్‌కు చెవి ఆనించి, నిద్ర పట్టేదాకా ఆమె ఊఁ కొడుతూనే ఉందట.