సీసాలో తులసాకు

ధర్మపురిలోని మా టిష్యూ కల్చర్ ల్యాబ్‌లో పైన్ గింజల్లోంచి పిండాన్ని తీసి, సీసాల్లో పెంచి మొక్కలు చేస్తాం. కాస్త బయటి గాలి తగిలినా బూజు పట్టే పని అది. ఆయుధపూజకు సెలవు పెట్టి ఊరికెళ్లాను. తిరిగొచ్చేసరికి నా సీసాలన్నీ బూజే. సూపర్‌వైజర్ అన్న ఓనరమ్మతో, "ఈ పాప చేతుల్లో శుద్ధం లేదమ్మా" అని చెప్పి, నన్ను సీసాలు కడిగే పనికి తోశాడు.

కడుగుతుంటే ఒక సీసాలో, బూజు కింద, తులసాకు కనిపించింది. ఆ సీసా కడగలేదు, దాచాను. ఈ రోజు ఓనరమ్మ రాగానే టేబుల్ మీద పెట్టాను.

"ఏమన్నా, నా చేతుల్లో తులసి మొలిచిందా?"

అన్న సీసా ఎత్తి ఆకు చూశాడు. "చెట్లు బాగా రావాలని పూజ రోజు మూతలు తీసి పెరుమాళ్ గుడి తులసి తీర్థం చల్లినాను పాపా. అదీ తప్పా?"

ఓనరమ్మ నా చేతిలోని బ్రష్ తీసుకుని అన్న చేతిలో పెట్టింది.

ఇంటికొచ్చే ముందు, బాగా కంపు కొట్టే సీసాలన్నీ ఏరి మరీ అన్న కడిగే తొట్టిలో వేసి వచ్చాను. పాపమంటారా? తీర్థం ఇంకా మిగిలుంటే నా మీదా కాస్త చల్లమనండి.