బాతు గొంతు

మా వీధి చివర వెల్డింగు షాపు ముందు నుంచి పోయేటప్పుడల్లా కాసేపు ఆగుతాను. మంట వైపు చూడొద్దని వెల్డరు అరుస్తాడు. నాకు కావలసింది మంట కాదు, ఆ మాడిన వాసన. ప్రొద్దుటూరు సినిమాహాలు మెషిన్ గదిలో తెర మీది బొమ్మకు వెలుగిచ్చే కార్బన్ కడ్డీలు కాలుతుంటే ఇలాంటి వాసనే వచ్చేది. ఆ గదిలో ఆపరేటరు ఖాదర్ మామ చెప్పిందే చట్టం.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తల్లో నేను పులివెందుల నుంచి వచ్చి ప్రొద్దుటూరు బడిలో అయివారుగా చేరాను. హాలు వెనకే గది అద్దెకు తీసుకున్నాను, సెలవొస్తే మెషిన్ గదిలోనే కాలక్షేపం. నాకు నత్తి. మాట తడబడి పిల్లలు నవ్వితే, మిగతా పాఠం బోర్డు మీద రాసేసి బయటపడేవాణ్ణి. ఇన్‌స్పెక్టరు వచ్చి నా పాఠం వింటాడనీ, ఆయనకు నచ్చకపోతే ఉద్యోగం ఉండదనీ హెడ్మాస్టరు చెప్పిన రోజు నుంచి నాకు అన్నం సహించలేదు.

ఆదివారం మ్యాట్నీకి ముందు జంతువుల బొమ్మల సినిమా ఒకటి వేసేవారు, పది నిమిషాలది. మాటలు ఇంగ్లీషు. ఖాదర్ మామ ఆ శబ్దం కట్టేసి, మైకు పట్టుకుని తానే మాట్లాడేవాడు. ఆయన నక్క ప్రొద్దుటూరు బట్టల వ్యాపారిలా బేరమాడేది, ఎలుగుబంటి జమ్మలమడుగు పెద్దమనిషిలా గద్దించేది. జనం అసలు సినిమా కన్నా దీనికోసమే ముందుగా వచ్చి కూర్చునేవాళ్లు.

ఒక ఆదివారం ఆయన గొంతు బొంగురుపోయింది. "అయివారూ, నక్క నాది, బాతు నీది. పట్టు" అని మైకు నా చేతిలో పెట్టాడు. నేను వద్దనేలోపే రీలు మొదలైంది. తెర మీద బాతు మంచుగడ్డ మీద కాలు పెట్టి జారింది. "ప... ప... ప..." అన్నాను. అది జారుతూనే ఉంది. "పట్టుకోండప్పా!" అనేసరికి ధబీమని పడింది. హాలు కప్పు లేచిపోయేలా నవ్వారు.

రీలు అయిపోగానే, "అందరి ముందర నన్ను న... నవ్వులపాలు చేసినావు మామా" అన్నాను. ఏడుపొక్కటే తక్కువ.

ఆయన తల ఎత్తకుండా కడ్డీలు సర్దుతూ అన్నాడు. "జనం నగింది బాతును జూసి. నువ్వు యాడ కనపడినావు? ఒకటి జూసినావా, అది జారితే లేసి మళ్లా నడుస్తాంది. నువ్వు జారితే ఇంటికి పోతాండావు."

ఒళ్లు మండిపోయింది. నిజం కాబట్టే మండింది. మరుసటి ఆదివారం నేనే వెళ్లి మైకు అడిగాను. ఆ బాతు గొంతు నాదేనని మా బడి పిల్లలకూ తెలిసిపోయింది.

ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు నదుల పాఠం. "ప... ప..." దగ్గర ఆగిపోయాను. చెయ్యి అలవాటుగా సుద్దముక్క మీదికి పోయింది. ముందు వరుసలో ఒక పిల్ల "బాతు!" అంది. తరగతంతా గొల్లుమంది. ఇదివరకైతే చచ్చిపోయేవాణ్ణి. ఆ రోజు నాకూ నవ్వొచ్చింది. సుద్దముక్క బల్ల మీద పడేసి, "పా... పాపాఘ్ని యాడ కలుస్తాదప్పా పెన్నలో?" అని బాతు గొంతుతోనే అడిగాను.

"కమలాపురం కాడ!" అని తరగతంతా ఒక్కసారిగా అరిచింది.

జారుతూ లేస్తూ పాఠం ముగించాను. ఇన్‌స్పెక్టరు పుస్తకం మూసి, "పిల్లోళ్లకు పాఠమొచ్చింది. నాకింకేం గావాల?" అని లేచాడు. గుండెల మీది బండ దిగిపోయింది.

అక్కడి నుంచి నేరుగా మెషిన్ గదికే పోయాను.

"ఉద్యోగముందా, పాయనా?"

"ఉం... ఉం..."

ఆయన నా బదులు ఆ మాట పూర్తి చెయ్యలేదు. చేతిలో కడ్డీతో అలాగే నిలబడ్డాడు. చివరికి "ఉంది" అన్నాను.

"బాతు బతికింది పో!" అన్నాడు.

ఖాదర్ మామ పోయి ఎన్నో ఏళ్లయింది. నా నత్తి మాత్రం ఎక్కడికీ పోలేదు. మొన్న వెల్డరు పని ఆపి, "ఏంది తాతా, రోజూ ఈడ నిలబడతాండావు, ఎవురైనా గుర్తొస్తారా?" అని అడిగాడు. "ఖా... ఖా..." అన్నాను. ఆ పేరు దగ్గర ఇప్పటికీ జారతాను. రోడ్డు మీద జనం తిరిగి చూశారు. పేరు మొత్తం చెప్పేదాకా నేను ఇంటికి పోలేదు.